పైన మెత్తబడితే టర్కీ కరిగినట్టు కాదు

నవంబరు మూడో వారం వచ్చేసరికి ఒకే రకం వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతాయి. పెరట్లో గ్యాస్ పొయ్యి, దాని మీద గంగాళమంత గిన్నె, సలసల కాగే నూనె, అందులోకి దింపుతున్న టర్కీ కోడి. రెండు మూడు క్షణాల్లో నూనె పొంగి అంచు దాటుతుంది, కింది మంట దాన్ని అందుకుంటుంది, ఆ మంట మనిషెత్తు లేస్తుంది. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ దీన్ని కావాలనే చేసి చూపిస్తుంటుంది. చూసినవాళ్లు నూనె ఎక్కువ పోసి ఉంటారనుకుంటారు. అదీ ఒక కారణమే. అసలు కారణం చాలాసార్లు కోడి పొట్టలో ఉంటుంది, కరగని మంచు రూపంలో. ఇళ్లలో వంట వల్ల మంటలు ఏడాది మొత్తంలో అత్యధికంగా రేగేది టర్కీ వండుకునే నవంబరు పండగ థాంక్స్‌గివింగ్ రోజునే అని అక్కడి అగ్నిమాపక సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలు చెబుతాయి.

చేతులు కడుక్కోండి, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి లాంటివి ఇక్కడ లేవు. అమెరికాలో తొలిసారి టర్కీ వండే తెలుగు ఇళ్లను దెబ్బతీసే తప్పు ఒక్కటే: కోడిని ఆలస్యంగా ఫ్రీజర్లోంచి తీయడం, పైన నొక్కి చూసి కరిగిందనుకోవడం. అలాంటి కోడిని ఓవెన్‌లో పెడితే పైన మాడి, తొడ దగ్గర పచ్చిగా మిగులుతుంది. నూనెలో దింపితే మంటే.

ఈ తప్పు మనవాళ్లు చేయడానికి కారణం ఉంది. మనకు కోడంటే కళ్లముందు కోయించి, ముక్కలు కొట్టించి తెచ్చుకున్నది. అరగంటలో ఉడుకుతుంది, ఉడికిందో లేదో గరిటెతో నొక్కితే తెలుస్తుంది. ఇక్కడ దొరికేది 16 పౌండ్లు, అంటే ఏడు కిలోల పైచిలుకు, ముక్క కొట్టని కోడి, రాయిలా గడ్డకట్టినది.

ముక్కలు చేయకుండా బల్ల మీదికి తెచ్చే ఆచారం వచ్చిన దారి వేరు. 1621లో ఇంగ్లండు నుంచి వచ్చిన ప్లిమత్ వలసదారులు, స్థానిక వాంపనోగ్ తెగవాళ్లు కలిసి మూడు రోజులు పంట విందు చేసుకున్నారు. దాని గురించి ఆ వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో వేటాడి తెచ్చిన పక్షులున్నాయి, వాంపనోగులు తెచ్చిన ఐదు జింకలున్నాయి, టర్కీ పేరు మాత్రం లేదు. అడవి టర్కీలు దండిగా దొరికాయని వాళ్ల గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసిన మాటే ఈ కోడికి ఆధారం. థాంక్స్‌గివింగ్‌ను దేశమంతటికీ పండగ చేయాలని సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 1863లో లింకన్ ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారం అని 1941లో చట్టం చేశారు. కోడిపెట్ట గుడ్ల కోసం, ఆవు పాల కోసం బతికుండాలి; టర్కీని తినడానికే పెంచేవాళ్లు, ఒక్కటి కోస్తే ఇంటిల్లిపాదికీ వచ్చేది. ఇక నూనెలో వేపడం లూసియానా వాళ్ల అలవాటు. పెరట్లో క్రాఫిష్, రొయ్యలు ఉడికించుకునే పెద్ద గిన్నెలు, గ్యాస్ పొయ్యిలు వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి. మన పెరట్లో లేనిది ఆ అలవాటే.

ఎప్పుడు తీయాలి

ఫ్రిజ్‌లో ప్రతి 4, 5 పౌండ్లకు ఒక పూర్తి రోజు. 12 పౌండ్లకు మూడు రోజులు, 16 పౌండ్లకు నాలుగు, 20 దాటితే ఐదారు. పండగ గురువారం కాబట్టి 16 పౌండ్ల కోడి శనివారం రాత్రికే ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి దిగాలి. ఆదివారం పొద్దున అనుకుంటే లెక్క సరిపోతుంది గానీ, సరుకులతో కిక్కిరిసిన ఫ్రిజ్‌లో కరగడం ఇంకా నెమ్మది. కరిగిన కోడి ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఆగుతుంది కాబట్టి ముందుగా తీస్తే నష్టం లేదు. అంచులున్న పళ్లెంలో పెట్టి అట్టడుగు అరలో ఉంచండి. పై అరలో పెడితే కారే నీళ్లు కొత్తిమీర మీద, దోశపిండి గిన్నెలో పడతాయి.

తీయడం మరిచిపోతే చన్నీళ్లు. నీళ్లు చొరబడని కవర్లో కట్టి, మునిగేలా పెట్టి, ప్రతి అరగంటకూ నీళ్లు మార్చాలి. పౌండుకు అరగంట, అంటే 16 పౌండ్లకు ఎనిమిది గంటలు, పదహారు మార్పులు. అలా కరిగించినదాన్ని వెంటనే వండాలి, మళ్లీ ఫ్రిజ్‌లో దాచకూడదు.

రాత్రంతా కిచెన్ గట్టు మీద వదిలేయడం, వేడినీళ్లలో ముంచడం, హీటర్ పక్కన పెట్టడం: మూడూ వద్దు. లోపల గడ్డ అలాగే ఉంటుంది, పైమాంసం మాత్రం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి గంటల తరబడి కూర్చుంటుంది. బ్యాక్టీరియా పెరిగేది 40కీ 140కీ మధ్యే. పైన మెత్తబడితే కరిగినట్టు కాదు. ఇలా బయట వదిలేసినది పైన మెత్తబడి లోపల గడ్డగా ఉంటే అది పాడవడం మొదలైనట్టు.

కరిగిందని ఎలా తెలుస్తుంది

పొట్టలోకి చెయ్యి పెట్టండి. మెడ ముక్క, గుండె, కందనకాయ ఉన్న సంచీ లోపల ఉంటుంది, కొన్నింటిలో మెడ వైపు చర్మం కింద ఇంకోటి ఉంటుంది. రెండూ లాగగానే ఊడి రావాలి. ఆ తర్వాత వేళ్లతో వెన్నెముక వెంబడి, ఎముకల సందుల్లో తడమండి. మంచు పలుకు తగిలినా కరగనట్టే. తొడ కీలు దగ్గర కాలిని కదపండి. సులువుగా ఆడాలి, బిర్రుగా ఉంటే ఇంకా టైమ్ కావాలి.

గురువారం పొద్దున కూడా గడ్డగానే ఉంటే కంగారుపడి వేడినీళ్లు పోయకండి. గడ్డగా ఉన్నదాన్నే 325 డిగ్రీల ఓవెన్‌లో పెట్టొచ్చు. మామూలుకన్నా కనీసం సగం ఎక్కువ సమయం పడుతుంది, నాలుగు గంటలది ఆరు గంటలకు పైనే. మధ్యలో, వదులయ్యాక, లోపలి సంచీని పటకారుతో బయటికి తీయాలి. భోజనాలు రాత్రికి జరుగుతాయి, అంతే. ఈ వెసులుబాటు ఓవెన్‌కే. నూనెకు లేదు, గ్రిల్‌కు లేదు, పొగలో వండే స్మోకర్‌కు లేదు.

నూనెలో వేపేవాళ్లకు

తడి మిరపకాయ బజ్జీ పిండిలో ముంచి వేస్తేనే నూనె ఎలా చిటపటమంటుందో తెలుసు కదా. 350 డిగ్రీల నూనెలో మంచు పడితే అది నీరై, నూనెకన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. అక్కడే ఆవిరై సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి పైకి వస్తూ నూనెను గిన్నెలోంచి ఎత్తి బయటికి విసురుతుంది. కింద ప్రొపేన్ మంట కాచుక్కూర్చుంటుంది. చారెడు మంచు చాలు.

నూనె కొలత ముందురోజే చూసుకోండి. కోడిని కవర్ విప్పకుండా ఖాళీ గిన్నెలో పెట్టి, మునిగి అంగుళం పైకి వచ్చేదాకా నీళ్లు పోయండి. కోడిని తీసేశాక నీళ్లు ఎక్కడికి దిగాయో అక్కడ గుర్తు పెట్టండి. నూనె అంతవరకే. గిన్నెను ఎండబెట్టండి, తుడిచి ఊరుకోవద్దు.

12 పౌండ్లు దాటిన కోడిని నూనె జోలికి తీసుకురాకండి. పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించింది కూడా వద్దు. అది తడే, పైగా కోడి ఉడికేలోపే మాడిపోతుంది. ఆ మసాలా ఓవెన్‌కి బాగుంటుంది, చర్మం కింద పట్టించండి.

పొయ్యి గచ్చు మీద, ఇంటికి కనీసం పది అడుగుల అవతల. ఇంటికి ఆనుకున్న చెక్క డెక్ మీద, గరాజ్‌లో, బాల్కనీలో కాదు.

దింపేముందు మంట ఆర్పండి. పూర్తిగా మునిగాక వెలిగించండి. ఈ ఒక్క పనీ చేస్తే నూనె పొంగినా అంటుకునే ప్రమాదం చాలా తగ్గుతుంది.

నూనె పొగ వస్తుంటే మంట ఆర్పండి. అంటుకుంటే నీళ్లు పోయకండి. తోటపైపు వైపు చూడకండి.

నూనె వదిలి లోపలికి వెళ్లకండి. క్రికెట్ స్కోరు తర్వాత.

కుళాయి కింద కడగకండి. పసుపు, ఉప్పు పట్టించి కడగడం మన చేతికి అలవాటే. పసుపుకి సాల్మొనెల్లా బ్యాక్టీరియా చావదు, తుంపరలు మాత్రం సింకు చుట్టూ పడతాయి. పేపర్ టవల్‌తో అద్దండి, లోపల కూడా.

కవర్ మీది చీటీ చదవండి. ఉప్పునీళ్లు ఎక్కించిన కోడి అని ఉంటే మీ మసాలాలో ఉప్పు సగం.

పొట్టలో బిర్యానీ కూరకండి. విడిగా వండండి.

రంగు చూసి ఉడికిందనుకోకండి. థర్మామీటర్ కొనండి. రొమ్ములో మందంగా ఉన్నచోట, తొడ లోపలివైపు, రెక్క కీలు దగ్గర, మూడుచోట్లా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. మొన ఎముకకు తగలనివ్వకండి. రొమ్ము 165, తొడ 140 చూపిస్తే తొడ ఇంకా ఉడకలేదు; ఓవెన్‌లో పెట్టేటప్పటికి లోపల కరగకపోయి ఉండొచ్చు. పైన మెత్తబడితే కరిగినట్టు కాదని మళ్లీ చెప్పాల్సొస్తోంది. తిరిగి ఓవెన్‌లో పెట్టండి.

తీశాక ఇరవై నిమిషాలు ఆగి కోయండి.

తిన్నాక రెండు గంటల్లోపు ఎముకల నుంచి మాంసం విడదీసి, లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. శుక్రవారం చేసే టర్కీ పులావు గిన్నెను రాత్రంతా పొయ్యి మీద వదలకండి. పెద్ద గిన్నె నడిమధ్య గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటుంది, క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు కావలసింది అదే.

నాలుగు రోజులు దాటితే పారేయండి. వాసన చూసి తేల్చకండి.