కొత్త గేమ్ కన్సోల్ కొంటున్నారా? స్టోర్ తెరిచి చూసి డబ్బివ్వండి

పోయిన వారం గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ఇంటర్ కుర్రాడు వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని విజయవాడలో మా రిపేరు షాపుకు వచ్చాడు. చేతిలో నింటెండో స్విచ్ 2, అంటే చేత్తో పట్టుకుని గానీ టీవీకి కలిపి గానీ ఆడే గేమ్ కన్సోల్. పెట్టె, టీవీకి కలిపే డాక్, చార్జర్ అన్నీ ఉన్నాయి, ఎక్కడా చిన్న గీత కూడా లేదు. "గేమ్ ఆడుతోందన్నా, ఆన్‌లైన్ ఒక్కటే రావట్లా" అన్నాడు. వైఫై కలిపి ఈ-షాప్, అంటే నింటెండో ఆన్‌లైన్ స్టోర్, నొక్కగానే తెర మీద 2124-4508 అని పడింది. ఆ నంబరు చూశాక ఇక స్క్రూ విప్పే పని ఉండదు. ఆ యంత్రానికి నింటెండో ఆన్‌లైన్ సేవలు ఆపేసింది. ముందు వాడినవాడెవడో దొంగ కాపీలు ఆడించే కార్డు పెట్టాడు, నిషేధం యంత్రానికి పడింది, ఆ యంత్రం తుడిచి పెట్టెలో సర్దుకుని "ఇంపోర్టెడ్ పీస్" పేరుతో వీళ్లింటికి చేరింది.

"కొత్త అకౌంట్ తెరిస్తే పోదా సార్?" అని ఆ పెద్దాయన అడిగాడు. పోదు. రీసెట్ కొట్టినా పోదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు, బిల్లు లేదు.

దసరా నుంచి దీపావళి దాకా ఇలాంటివి ఇంకా వస్తాయి. బోనస్ చేతికొస్తుంది, పిల్లల సెలవులు, అమెరికా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులు, ఆన్‌లైన్ సేల్స్, అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. ధరలు పోల్చి చూడండి, రివ్యూలు చదవండి అని నేను చెప్పక్కర్లేదు, అవి మీకే తెలుసు. ఒక్కటి మాత్రం పట్టుకోండి: కన్సోల్‌ను మీ ఎదురుగా ఇంటర్నెట్‌కు కలిపి, దాని స్టోర్ తెరిచి చూడకుండా డబ్బు చేతులు మారకూడదు.

మొదట్లో కొన్నవాళ్లు ఏమంటున్నారంటే

స్విచ్ 2 ప్రపంచ మార్కెట్‌లోకి 2025 జూన్ 5న వచ్చింది. విజయవాడలో తొందరపడి తెప్పించుకున్నవాళ్లలో నాకు తెలిసినవాళ్లంతా యంత్రం మీద ఇష్టంగానే ఉన్నారు. 7.9 అంగుళాల తెర, అయస్కాంతంతో టక్కున అతుక్కునే కంట్రోలర్లు, పాత గేములు మునుపటికన్నా సాఫీగా నడవడం, ఇవన్నీ మెచ్చుకుంటారు. గొణుగుడు కూడా ఉంది. ఒకసారి చార్జ్ చేస్తే గేమును బట్టి 2 గంటల నుంచి ఆరున్నర గంటలు వస్తుందంటుంది కంపెనీ, బరువైన గేముకు ఆ రెండే లెక్క. ఇంట్లో ఉన్న మామూలు మైక్రో ఎస్‌డీ కార్డులో గేములు పడవు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే ఖరీదైన రకమే కావాలి. కొన్ని గేములకు పెట్టెలో కార్డు ఉంటుంది గానీ అందులో గేమ్ ఉండదు, తాళం చెవి మాత్రమే ఉంటుంది, గేమ్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. సోనీ వాళ్ల పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మొదట్లో కొన్నవాళ్ల బాధ వేరు. 825 జీబీ అని రాసిన యంత్రంలో చేతికి దక్కింది 667 జీబీ.

వీటిలో ఏదీ మనిషిని ముంచదు. కార్డు కొంటారు, సర్దుకుంటారు. నా దగ్గరికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే కథ: కళ్లు మూసుకుని డబ్బిచ్చారు.

"ఆగితే ధర తగ్గుతుంది కదా" అనేవాళ్లకు ఒక మాట. ఒకప్పుడు నిజమే. నింటెండో 3డీఎస్ అనే చేతి కన్సోల్ 2011 మార్చిలో అమెరికాలో దాదాపు 250 డాలర్లకు వచ్చి, ఆగస్టుకల్లా 170కి దిగింది. ముందే కొన్నవాళ్లు గోల చేస్తారని కంపెనీయే వాళ్లకు 20 పాత గేములు ఊరికే ఇచ్చింది. ఇప్పుడు ఆ రోజులు లేవు. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు మొదలై, 2022 నవంబర్‌లో 54,990 అయింది. ఆగితే దక్కేది డబ్బు కాదు, సమాచారం. 2005లో ఎక్స్‌బాక్స్ 360 కొన్నవాళ్లను అడగండి. ముందు వైపు ఎర్ర లైట్లు వెలిగి యంత్రాలు వరసగా చచ్చిపోయాయి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. వారంటీ ఉన్నవాడు బతికిపోయాడు. బిల్లు లేకుండా బయట దేశం నుంచి తెప్పించుకున్నవాడికి పెట్టె మిగిలింది.

డబ్బిచ్చే ముందు

అమ్మేవాడు ఏం చేస్తాడో చూడండి. యంత్రం ఆన్ చేస్తాడు, ఒక గేమ్ పెడతాడు, కంట్రోలర్ మీవాడి చేతికిస్తాడు. కారు దూసుకెళ్తుంది, మీవాడి మొహం వెలుగుతుంది, మీరు జేబులో చెయ్యి పెడతారు. అక్కడే ఆగాలి. నిషేధం పడిన యంత్రంలో కూడా ఆ గేమ్ అంతే బాగా ఆడుతుంది. వైఫై గుర్తు కూడా వస్తుంది. స్టోర్ తెరిచినప్పుడే బండారం బయటపడుతుంది. అందుకే గేమ్ ఆడించి చూపిస్తే చూసినట్టు కాదు.

ఇంటి దగ్గరే ఫోన్‌లో నింటెండో అకౌంట్ తెరిచి ఉంచుకోండి. షాపు వైఫై "పని చేయట్లేదు" అంటారు, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. మీ అకౌంట్ కన్సోల్‌కు కలపండి. ఈ-షాప్ తెరవండి. గేముల బొమ్మలు, ధరలు కనిపించాయా? అయితే ముందుకెళ్లండి. పీఎస్5 అయితే సైన్ ఇన్ అయి, స్టోర్‌లోకి వెళ్లి, ఏదో ఒక ఉచిత గేమ్ డౌన్‌లోడ్ మొదలవుతోందో లేదో చూడండి. సోనీ, మైక్రోసాఫ్ట్ కూడా అకౌంట్‌నే కాక యంత్రాన్నే నిషేధించగలవు. పదిహేను నిమిషాల పని. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

"సీల్డ్ పీస్ అన్నా, తీస్తే వెనక్కి తీసుకోం" అంటారా? కంపెనీ భారత్ వారంటీ, జీఎస్టీ బిల్లు రెండూ ఉంటే సీల్ తీయక్కర్లేదు, నా మాటకు ఇదొక్కటే మినహాయింపు. ఆ రెండిట్లో ఏది లేకపోయినా సీల్‌కు విలువ లేదు. ఇంకో సంగతి, నింటెండో మన దేశంలో అధికారికంగా కన్సోళ్లు అమ్మదు. కాబట్టి స్విచ్ 2కు "ఇండియా వారంటీ ఉంది సార్" అన్నవాడు అబద్ధం చెబుతున్నట్టే. 2024 నవంబర్ 7న బయట దేశాల్లో వచ్చిన పీఎస్5 ప్రోను కూడా సోనీ అప్పుడు మన దగ్గర విడుదల చేయలేదు. ఆ పేరుతో ఇక్కడ తిరిగినవి సూట్‌కేసుల్లో వచ్చినవే. తెచ్చుకోవడం తప్పని నేననను. కళ్లతో చూడకుండా తీసుకోవడం తప్పు.

జపాన్ నుంచి బాబాయి తెస్తున్నాడంటే ఇంకా జాగ్రత్త. అక్కడ రెండు రకాలు అమ్ముతారు. విడుదలప్పుడు 49,980 యెన్ల మోడల్‌లో జపనీస్ భాష ఒక్కటే, జపాన్ అకౌంట్ తప్ప ఇంకోటి కలవదు. అన్ని భాషలున్నది 69,980 యెన్లు. చవకదే బాగుందని తెప్పించి, "అన్నా, భాష ఎక్కడ మార్చాలి" అని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. ఎక్కడా మారదు.

సెకండ్‌హ్యాండ్ పీఎస్‌లకు మన ఊరి గండం ఒకటి ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత మా బల్ల మీదికి వచ్చిన కొన్ని యంత్రాల సంగతి మూత తీయగానే తెలిసిపోయింది. ఫ్యాన్ రెక్కల మీద ఎండిన ఒండ్రు, స్క్రూల చుట్టూ తెల్లటి పొడి, యూఎస్‌బీ రంధ్రం లోపల పచ్చటి తుప్పు. పీఎస్5 పక్క మూతకు స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, చేత్తోనే వస్తుంది. తీసి టార్చ్ వేసి చూడండి. చూడనివ్వనివాడి దగ్గర కొనకండి.

ఇంటికి తెచ్చాక

పీఎస్5ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని సోనీ చెబుతుంది, స్విచ్ 2కూ అదే లెక్క. బెజవాడ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గదిలో 35 ఎక్కడుంటుంది? ఏసీ గదిలో ఆడండి, లేదా చీకటిపడి గది చల్లబడ్డాక ఆడండి. అద్దాల తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టి తలుపు మూయకండి. వెనక నుంచి వచ్చే వేడిగాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. దుమ్ము పడుతుందని అమ్మ కుట్టించిన గుడ్డ కవర్ ఆడేటప్పుడు తీసి పక్కన పెట్టండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చిన యంత్రం ఊదాలంటే నేను మాస్క్ కట్టుకుంటాను, ఆ దుమ్ములో కారం ఉంటుంది. నెలకోసారి ఫ్యాన్ దగ్గర శుభ్రం చేసుకోండి. బల్లులు, బొద్దింకలు వెచ్చదనానికి లోపల చేరతాయి. నవ్వకండి, కాలిన పవర్ బోర్డుల మీద బల్లి తోకలు చూశాను.

స్విచ్ 2 తెర మీద పలచటి ఫిల్మ్ ఉంటుంది. అది ప్యాకింగ్ కవర్ కాదు, గాజు పగిలితే ముక్కలు చెదరకుండా కంపెనీ అంటించింది. తీయకూడదు. టెంపర్డ్ గ్లాస్ వేసే కుర్రాడు అలవాటు కొద్దీ గోరుతో అంచు లేపి సర్రున లాగేస్తాడు. ముందే చెప్పండి, చెయ్యి అడ్డం పెట్టండి.

ఇక మిగిలినవి, గబగబా

స్టోర్ తెరవకుండా డబ్బివ్వకండి. మళ్లీ చెబుతున్నాను, ఇంకా చెబుతాను.

టోకెన్ అమౌంట్ ఫోన్‌పే చేయమంటే చేయకండి. ముందు యంత్రం, తర్వాత నెట్, తర్వాత డబ్బు.

పెట్టె మీద సీరియల్ నంబరు, యంత్రం మీద నంబరు ఒకటేనా చూడండి.

పాత స్విచ్ చార్జర్‌తో స్విచ్ 2 డాక్ టీవీకి పని చేయదు. పెట్టెలో వచ్చిన 60 వాట్ల చార్జరే ఉందో లేదో షాపులోనే చూసుకోండి.

బల్లపరుపు పిన్నుల అమెరికా ప్లగ్గుకు ఇరవై రూపాయల కన్వర్టర్ వాడకండి. వదులై నిప్పురవ్వలు వస్తాయి.

ఉరుము వినపడితే ప్లగ్గు పీకేయండి. నెట్ వైరు కూడా. కేబుల్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ దారిలో వచ్చిన దెబ్బకు టీవీ, కన్సోల్ రెండూ పోయిన ఇళ్లున్నాయి.

గేమ్ సేవ్ అవుతున్నప్పుడు కరెంటు పోతే ఫైలు పాడవుతుంది. చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

సెకండ్‌హ్యాండ్ నింటెండో కార్డులు తెలియనివాడి దగ్గర కొనకండి. ప్రతి కార్డుకూ సొంత గుర్తింపు ఉంటుంది. అమ్మినవాడు దాన్ని కాపీ చేసి ఇంట్లో ఆడుతుంటే, అదే గుర్తింపు రెండుచోట్ల కనిపించి నిషేధం మీకు పడొచ్చు. కొన్న చాట్, కార్డు ఫోటోలు దాచుకోండి, కంపెనీకి చూపించాల్సి వస్తుంది.

దొంగ కాపీల కార్డు "ఫ్రీగా వేసిస్తాం" అంటే వద్దనండి.

డిస్కు పెట్టే డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ చవకని కొనే ముందు మీవాడు డిస్కులు మార్చుకుని ఆడే రకమా అడగండి. తర్వాత వచ్చిన సన్న మోడల్ పీఎస్5 స్లిమ్‌కు డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు, మొదటిసారి నెట్ కావాలి. మొదటి తరం డిజిటల్‌కు ఎప్పటికీ తగలదు.

స్టోర్‌లో డబ్బుగా వాడే గిఫ్ట్ కోడ్ ఏ దేశానిదో, అకౌంట్ కూడా ఆ దేశానిదే కావాలి. గీకిన కోడ్ వెనక్కి తీసుకోరు.

పిల్లల అకౌంట్‌లో మీ కార్డు దాచిపెట్టకండి. విదేశీ స్టోర్లలో ఓటీపీ అడగకుండానే డబ్బు పోయే సందర్భాలున్నాయి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేసి ఉంచండి, కొనే రోజే ఆన్ చేయండి.

అకౌంట్ మీ మెయిల్‌తో తెరవండి. షాపువాడి మెయిల్‌తో కాదు. "నేనే సెట్ చేసిస్తా అన్నా" అంటే అసలే వద్దు.

"షాప్ వారంటీ ఆరు నెలలు" అంటే కాగితం మీద రాయించండి: సీరియల్ నంబరు, తేదీ, స్టాంపు, సంతకం. నిషేధం బయటపడితే డబ్బు వాపసు అని కూడా రాయమనండి. ఆ ఒక్క లైను రాయనంటే అర్థం చేసుకోండి.

బంధువు తెచ్చినా సరే, స్నేహితుడు ఇచ్చినా సరే, స్టోర్ తెరవండి. మొహమాటపడి యాభై వేలు పోగొట్టుకున్నవాళ్లు తెలియనివాడి దగ్గర కొన్నవాళ్లే కాదు.

స్టోర్ తెరవనివ్వనివాడితో వాదన పెట్టుకోకండి, లేచి వచ్చేయండి. బీసెంట్ రోడ్డు చుట్టూ షాపులకు కొదవా?