ప్రైమ్95 మొరాయిస్తుంటే ఏం చూడాలి, ఏం మార్చాలి

మెర్సెన్ ప్రధాన సంఖ్యలు (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలు, 127 = 2^7 - 1 లాంటివి) వెతికే ప్రైమ్95 లాంటి ప్రోగ్రాం నెమ్మదిగా నడిస్తే పోయేది టైమే, తప్పుగా నడిస్తే మాత్రం రోజుల తరబడి సీపీయూ పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ముందు తప్పుల సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే స్పీడు జోలికి వెళ్దాం. కింద రాసినవి విండోస్‌లో ప్రైమ్95కీ లినక్స్‌లో ఎంప్రైమ్‌కీ వర్తిస్తాయి. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్ల కోసం చివర్లో కొంత ఉంది.

సమస్య: రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అని చెప్పి టార్చర్ టెస్ట్ ఆగిపోతోంది

ఈ ప్రోగ్రాం కోట్ల అంకెల సంఖ్యను చిన్న ముక్కలు చేసి ఎఫ్‌ఎఫ్‌టీతో, అంటే దశాంశ లెక్కలతో గుణిస్తుంది. గుణకారం అయ్యాక ప్రతి ముక్కా ఏదో ఒక పూర్ణసంఖ్యకు బాగా దగ్గరగా రావాలి. 1207.03 వస్తే 1207 అని ధైర్యంగా రాసుకోవచ్చు, 1207.5 వస్తే అది 1207ఓ 1208ఓ చెప్పే దారి లేదు. ఆ మెసేజ్‌కి అర్థం అదే.

టార్చర్ టెస్ట్‌లో జవాబులు ముందే తెలిసిన లెక్కలు నడుస్తాయి కాబట్టి అక్కడ ఎర్రర్ వస్తే దాదాపు ఎప్పుడూ తప్పు మెషీన్‌దే. గేములు బాగానే ఆడుతున్నాయి కదా అని చాలామంది వాదిస్తారు. గేములో ఒక పిక్సెల్ రంగు మారితే ఎవరికీ కనపడదు, ఇక్కడ ఒక్క బిట్ మారితే లెక్క మొత్తం పోతుంది. ముందు బయాస్‌లోకి వెళ్లి ఓవర్‌క్లాక్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం) తీసేయండి, ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ పెట్టి ఉంటే అదీ ఆపండి, ఎందుకంటే అది కూడా ఒక రకం ఓవర్‌క్లాకే. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్షలో ఎర్రర్ వస్తే సీపీయూని, దాని వోల్టేజ్‌ని, వేడిని అనుమానించాలి. లార్జ్‌లోనే వస్తే ర్యామ్ స్టిక్కులు ఒక్కొక్కటిగా ఉంచి పరీక్షించాలి.

ఒక మినహాయింపు ఉంది. అసలు పని నడుస్తున్నప్పుడు ఎర్రర్ వస్తే ప్రోగ్రాం వెనక్కి వెళ్లి ఆ భాగం మళ్లీ చేస్తుంది. అదే ఇటరేషన్ (లెక్కలో ఒక్కో మెట్టు) దగ్గర సరిగ్గా అదే విలువ మళ్లీ వస్తే, ఇది హార్డ్‌వేర్ సమస్య కాదు, పట్టించుకోకండి అని తనే చెప్పేస్తుంది. ఎక్స్‌పొనెంట్ (2 మీద ఉండే ఘాతం) ఆ ఎఫ్‌ఎఫ్‌టీ సైజుకి అంచుల్లో ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది, కంగారు పడక్కర్లేదు.

సమస్య: ఏ ఎర్రరూ రాలేదు, అయినా రిజల్ట్ డబుల్ చెక్‌తో (అదే సంఖ్య మీద మళ్లీ చేసిన పరీక్షతో) కలవలేదు

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే కంటికి ఏమీ కనపడదు. మెర్సెన్ సంఖ్య ప్రధానమో కాదో తేల్చే లూకస్-లేమర్ పరీక్షలో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, మెర్సెన్ సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషం తీసుకుంటాం. 127 విషయంలో ఆ వరస 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్య. ఇప్పుడు 67లో చివరి బిట్ ఒక్కటి తిరగబడి 66 అయిందనుకోండి. వరస 4, 14, 66, 36, 24, 66 అవుతుంది. సున్నా రాలేదు, నిజమైన ప్రధాన సంఖ్య చేతికందినట్టే అంది జారిపోయింది. పదకొండు కోట్ల ఇటరేషన్ల పరీక్షలో ఇది ఎక్కడ జరిగినా ఫలితం అంతే.

పరిష్కారం పీఆర్‌పీ (ప్రాబబుల్ ప్రైమ్, అంటే ప్రధాన సంఖ్య కావచ్చని చెప్పే) పరీక్షకు మారడం. లూకస్-లేమర్‌లో వాడే జాకోబీ చెక్ అనే తనిఖీ తప్పుల్లో సుమారు సగమే పట్టుకుంటుంది. పీఆర్‌పీలో మధ్యలో 2 తీసేయడం లాంటిదేమీ ఉండదు, వరసగా వర్గాలే. అందుకే దానికి రాబర్ట్ గెర్బిట్స్ కనిపెట్టిన ఎర్రర్ చెక్ చక్కగా సరిపోతుంది, అదనపు సమయం చాలా తక్కువ, తప్పు తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. తప్పు దొరికితే చివరిసారి సరిచూసిన చోటికి తిరిగెళ్లి అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. 2024 అక్టోబర్‌లో దొరికిన 4,10,24,320 అంకెల మెర్సెన్ ప్రధాన సంఖ్య కూడా ముందు జీపీయూ మీద పీఆర్‌పీలోనే బయటపడింది, లూకస్-లేమర్‌తో ఖాయం చేసింది ఆ తర్వాతే.

పీఆర్‌పీకి మారాక డిస్క్ నిండిపోతోందని కొందరు టెన్షన్ పడతారు. అది ప్రూఫ్ (పరీక్ష సరిగ్గా జరిగిందని చూపే ఆధారం) కోసం దాచే రెసిడ్యూల, అంటే మధ్యలో వచ్చే శేషాల ఫైలు. పదకొండు కోట్ల ఎక్స్‌పొనెంట్‌కి ఒక్కో రెసిడ్యూ సుమారు 14 ఎంబీ, ప్రూఫ్ పవర్ 8 అయితే అలాంటివి 2^8, అంటే 256, మొత్తం మూడున్నర జీబీ దాకా. దాన్ని మధ్యలో డిలీట్ చేయకండి. ఆ ప్రూఫ్ ఉండబట్టే అదే పరీక్షను ఇంకొకరు మొదటినుంచీ చేయాల్సిన అవసరం తప్పుతోంది. చోటు చాలకపోతే రిసోర్స్ లిమిట్స్‌లో టెంపరరీ డిస్క్ స్పేస్ తగ్గించండి, చిన్న పవర్‌తో సరిపెట్టుకుంటుంది.

సమస్య: కోర్లు చాలా ఉన్నాయి, స్పీడు మాత్రం పెరగట్లేదు

పదకొండు కోట్ల సైజు ఎక్స్‌పొనెంట్‌కి ఎఫ్‌ఎఫ్‌టీ సైజు సుమారు 6 మిలియన్, ఒక్కో ముక్కకి 8 బైట్లు, అంటే 48 ఎంబీ. ప్రతి ఇటరేషన్‌లోనూ ఈ డేటా అంతా ఒకటికి మించిన సార్లు చదివి రాయాలి. ఎల్3 కాష్ 32 ఎంబీ ఉంటే అందులో పట్టదు, కోర్లన్నీ ర్యామ్ కోసం క్యూ కడతాయి. ఇక ఒక్కో కోర్‌కి ఒక్కో వర్కర్ (విడిగా ఒక పరీక్ష నడిపే భాగం) పెడితే ఆ 48 ఎంబీ కాస్తా నాలుగో ఎనిమిదో రెట్లవుతుంది.

వర్కర్లు తగ్గించి, ఒక్కో వర్కర్‌కి ఎక్కువ కోర్లు ఇచ్చి చూడండి. ఊహించక్కర్లేదు, మెనూలో థ్రూపుట్ బెంచ్‌మార్క్ ఉంది, ఏ కలయికలో సెకనుకి ఎక్కువ ఇటరేషన్లు వస్తున్నాయో అదే చెబుతుంది. హైపర్‌థ్రెడింగ్‌తో ఈ పనికి సాధారణంగా లాభం ఉండదు. ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే రెండోది వేసి డ్యూయల్ ఛానల్ చేయడం, నన్నడిగితే, సీపీయూ మార్చడం కంటే ముందు చేయాల్సిన పని. ఇటరేషన్‌కి 1 మిల్లీసెకను తగ్గినా ఈ సైజు పరీక్షలో 30 గంటలు కలిసొస్తాయి.

మొదట వేగంగా ఉండి పది నిమిషాల్లో నెమ్మదిస్తుంటే అది వేడి. దుమ్ము దులపండి, ఫ్యాన్ చూడండి.

సమస్య: పీ-1 స్టేజ్ 2 ఎంతకీ అవ్వట్లేదు

పీ-1 అంటే సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయేమో వెతికే పద్ధతి, స్టేజ్ 2 దాని రెండో దశ. దానికిచ్చే మెమరీ సెట్టింగ్ డీఫాల్ట్‌లో చాలా తక్కువ. వెర్షన్ 30.8లో స్టేజ్ 2ని బాగా మార్చారు, ఎంత ర్యామ్ ఇస్తే అంత లాభం. అలాగని ఉన్నదంతా ఇచ్చేస్తే స్వాపింగ్ (ర్యామ్ చాలక డిస్క్ వాడటం) మొదలై ఉన్న స్పీడూ పోతుంది, కాబట్టి మీ మిగతా పనులకు కావలసినంత వదిలి ఇవ్వండి. కొత్త వెర్షన్ వేసే ముందు ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పెట్టుకోండి.

సమస్య: ప్రోగ్రాం కాదు, మెషీన్ మొత్తం బిగుసుకుపోతోంది

చాలాసార్లు పవర్ సప్లై, లేదా వేడి. కానీ బయాస్ అప్‌డేట్ కూడా మర్చిపోకండి. 2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో సరిగ్గా ఇలాంటి బగ్ బయటపడింది, 14942209 అనే ఎక్స్‌పొనెంట్ మీద ప్రైమ్95 నడుపుతుంటే మెషీన్ ఆగిపోయేది. బయాస్ ద్వారా ఇచ్చిన మైక్రోకోడ్‌తోనే అది తీరింది.

సమస్య: సొంత కోడ్ తప్పు జవాబిస్తోంది

ముందు ఓవర్‌ఫ్లో చూడండి. 32 బిట్ల ఇంటిజర్‌లో 46341ని వర్గం చేస్తే పట్టదు, 2147483647ని పరీక్షించేటప్పుడు కారణాంకాలు వెతికే లూప్ సరిగ్గా అక్కడే గాడి తప్పుతుంది. ఐ ఇంటూ ఐ (ఐ అంటే లూప్‌లో వాడే భాజకం) రాయకుండా ఎన్‌ని (పరీక్షించే సంఖ్యని) ఐతో భాగించి పోల్చితే సరి. ప్రధాన సంఖ్యో కాదో చూసే మిల్లర్-రాబిన్ పరీక్షలో రెండు 64 బిట్ల సంఖ్యల గుణకారానికి 128 బిట్లు కావాలి. 2, 3, 5, 7 బేస్‌లు (ఆ పరీక్ష నడిపే ఆధార సంఖ్యలు) చాలనుకుంటే 3215031751 మోసం చేస్తుంది, అది ప్రధాన సంఖ్య కాకపోయినా నాలుగూ దాటేస్తుంది. 37 వరకూ ఉన్న 12 ప్రధాన సంఖ్యల్నీ బేస్‌లుగా వాడితే 64 బిట్ల సంఖ్యలన్నిటికీ జవాబు ఖచ్చితం.

ప్రధాన సంఖ్యల్ని వడకట్టే జల్లెడ (సీవ్) నెమ్మదిగా ఉంటే ఒకే పెద్ద యారే బదులు ఎల్1 కాష్‌లో పట్టే ముక్కలుగా చేసి, బేసి సంఖ్యల్ని మాత్రమే, ఒక్కోదానికి ఒక్కో బిట్ చొప్పున పెట్టండి. ఏ మార్పు చేసినా లెక్క సరిచూసుకోండి: పది లక్షల లోపు 78,498, పది కోట్ల లోపు 57,61,455, వంద కోట్ల లోపు 5,08,47,534 ప్రధాన సంఖ్యలు రావాలి. ఒకటి తేడా వచ్చినా ముందు ముక్కల అంచుల దగ్గర వెతకండి.