సైకిల్, కారు గొడవలు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

సైకిల్ మీద వెళ్లేవాళ్లు

• బ్రేకులు, బెల్లు, వెనక ఎర్ర లైటు చూసుకోండి.

• ఇయర్‌ఫోన్స్ ఇంట్లోనే.

• ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు ఎడంగా వెళ్లండి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. ఇరుకు సందులో అంచుకు అతుక్కుపోతే వెనకవాళ్లు ఆ కాస్త చోటులోంచే దూరాలని చూస్తారు. వెనక్కి చూసి, చెయ్యి చూపించి కొంచెం మధ్యకే రండి. హారన్ మోగుతుంది, మోగనివ్వండి. చోటు దొరకగానే పక్కకి జరిగి దారిస్తే సగం కోపాలు అక్కడే చల్లారతాయి.

కారు నడిపేవాళ్లు

• ఐదు నిమిషాలు ముందే బయల్దేరండి. ఆలస్యమైన టెన్షనే ఎక్కువసార్లు తిట్లుగా బయటికొస్తుంది.

• సైకిల్‌ని దాటేటప్పుడు 1.5 మీటర్ల దూరం వదలండి. చాలా దేశాల్లో ఇది రూలే. కుదరకపోతే వెనకే ఆగండి. ఎలాగూ తర్వాతి సిగ్నల్ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

• దిగేటప్పుడు తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తీయండి. ఒళ్లు దానంతటదే తిరిగి, చూపు వెనక్కి పడుతుంది.

అవతలివాళ్లు మీదికొస్తే

కారు అద్దం దించొద్దు, సైకిల్ దిగి ఎదురెళ్లొద్దు. నంబరు గుర్తుపెట్టుకుని, జనం ఉన్న వైపు వెళ్లి పోలీసులకు ఫోన్ చేయండి.