దసరా ఆఫర్లలో ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కొనే ముందు

బరంపురం నుంచి విశాఖ వెళ్లి ర్యామ్ తెచ్చుకుందామనుకునే మన కుర్రాళ్లు రైలెక్కే ముందు ఇవి చూసుకోండి.

మీ ల్యాప్‌టాప్‌లోది ఏ తరం ర్యామ్, డీడీఆర్4నా, డీడీఆర్5నా? ఒకదాని చోట ఇంకోటి పట్టదు. నేను చూసుకోకుండా 5 తెచ్చాను, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి పెడితే ర్యామ్ స్టిక్ మధ్యలో ఉండే గాటు స్లాట్‌లో గాటుకి కలవలేదు, కవరు విప్పినది వెనక్కి తీసుకోనన్నాడు షాపాయన, ఆ డబ్బు గంగపాలు.

అసలు స్లాట్ ఉందా? కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి చూడండి, గరిష్ఠంగా ఎంత పడుతుందో కూడా అక్కడే ఉంటుంది.

నిజంగా అవసరమా? అరగంట గేమ్ ఆడి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడండి. 16 జీబీలో 11, 12 దగ్గరే ఆగితే ఇంకో 16 వేసినా ఆట వేగం పెద్దగా మారదు, ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డుదో, వేడిదో అయ్యుంటుంది. (మా తమ్ముడికి ఫ్యాన్‌లో దుమ్ము దులిపితే సరిపోయింది!) అదే ఒకే 8 జీబీ స్టిక్ ఉన్నవాళ్లయితే ఆలోచించక్కర్లేదు, రెండోది వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేయడం) కూడా వస్తుంది, తేడా తెలుస్తుంది.

పాతదాని స్పీడ్ రాసుకెళ్లండి. రెండూ వేరైతే నెమ్మదిదాని స్పీడుకే నడుస్తాయి.

వారంటీ ఉంటే మూత విప్పొచ్చో లేదో ముందే అడగండి.

విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి.