రాక్ అండ్ రోల్‌ను మూలాల నుంచి వినడం ఎలా

రాక్ అండ్ రోల్‌ను శ్రద్ధగా వినదలచినవారు గాయకుడి గొంతును కాసేపు పక్కన పెట్టి, ముందుగా డ్రమ్స్ మీదే ధ్యాస నిలపాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ, రెండుకూ నాలుగుకూ మాత్రమే చప్పట్లు కొట్టండి. డ్రమ్స్‌లో చురుగ్గా టపటపలాడే స్నేర్ డ్రమ్ దెబ్బ గట్టిగా పడేది అక్కడే. దీన్ని బ్యాక్‌బీట్ అంటారు. మొదటి అంకె మీద బరువు వేసే అలవాటున్న చేయి కాస్త తడబడినా, రెండు మూడు పాటలకే దారిలో పడుతుంది.

చేయి కుదిరాక, ఆ నాలుగు అంకెలను ఒక బార్‌గా తీసుకుని 12 బార్లు లెక్కించండి. తొలినాటి పాటలు చాలావాటిలో మొదటి 4 బార్లు దాదాపు ఒకే కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) మీద నిలుస్తాయి, ఐదో బార్‌లో కార్డ్ మారుతుంది, ఏడో బార్‌కు పాట మళ్ళీ బయలుదేరిన చోటికి చేరుతుంది, తొమ్మిదో బార్‌లో మూడో కార్డ్ అందుకుని చివరికి మొదటిదాని దగ్గరే ఆగుతుంది. ఇది అమెరికాలోని నల్లజాతీయుల బ్లూస్ అనే పాటల సంప్రదాయం ఇచ్చిన చట్రం.

ఇప్పుడు ఒకే పాటను రెండు గొంతుల్లో వినండి. ‘హౌండ్ డాగ్’ను నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేశారు, తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడింది 1956లో. ఆమె పాటలో పనికిమాలిన మగవాణ్ణి నిలదీసే స్త్రీ కనిపిస్తుంది; అతని పాటలో మాటలు మారి, వేగం పెరిగి, ఆ నిలదీత మాయమైంది. కాలక్రమం ప్రకారం ఆమెనే ముందు వినాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ సంగీతాన్ని కట్టిన నల్లజాతి కళాకారుల పేర్లు చాలాకాలం వెనకబడిపోయాయి. సువార్త గీతాలను ఎలక్ట్రిక్ గిటారుతో పాడిన సిస్టర్ రొసెట్టా థార్ప్‌నూ ఈ వరుసలోనే వినాలి.

చివరగా గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ 1958 నాటి పాట ‘జానీ బి. గూడ్’. డ్రమ్స్, బేస్ (మంద్ర స్వరాల తీగవాద్యం) పాత జాజ్ పద్ధతిలో, ఒక దెబ్బ పొడుగ్గా ఒకటి పొట్టిగా ఊగుతూ నడుస్తుంటే, గిటారు మాత్రం సమాన దూరంలో పడే మీటులతో నిటారుగా దూసుకుపోతుంది. ఈ ఊపుకూ ఆ దూకుడుకూ మధ్య జరిగే ఒరిపిడి వల్లనే పాట ఇప్పటికీ పాతబడలేదని నా నమ్మకం. అది చెవికి అందకపోతే గిటారును వదిలి, మళ్ళీ రెండుకూ నాలుగుకూ చప్పట్లు కొడుతూ మొదటి నుంచి వినండి.