జాబ్ కార్డు మీద సంతకం పెట్టే ముందు

మొన్న రోహిణి కార్తెలో 30,000 కిలోమీటర్ల సర్వీస్‌కని కారు నెల్లూరులో షోరూమ్‌కి తీసుకెళ్లాను. ఏసీ హాల్లో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్‌లో లెక్క చూపించాడు. 12,300 రూపాయలు. ఇంత ఎందుకయ్యిందని అడిగితే "కార్ కండిషన్‌ని బట్టి రికమెండ్ చేశాం సార్" అన్నాడు. అప్పటికి ఆ కారు బానెట్ కూడా ఎవరూ ఎత్తలేదు!

చివరికి 6,500కి బయటపడ్డాను. గొడవేమీ పెట్టుకోలేదు, గ్లవ్ బాక్స్‌లోంచి ఓనర్స్ మాన్యువల్ తీసి ముందు పెట్టానంతే. మనలో చాలామంది ఆ పుస్తకాన్ని కారు కొన్న రోజు పసుపు కుంకుమ పెట్టి లోపల పడేస్తాం, మళ్లీ తియ్యం. దాంట్లో ఒక పట్టిక ఉంటుంది, ఏ కిలోమీటర్లకి ఏది మార్చాలి, ఏది చూసి వదిలేస్తే చాలు అని. 10,000కి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, 40,000కి ఎయిర్ ఫిల్టర్, రెండేళ్లకి బ్రేక్ ఆయిల్, ఇలా. కారుని బట్టి అంకెలు మారతాయి కాబట్టి పక్కింటివాళ్ల కారు లెక్క మీకు పనికిరాదు. సర్వీస్‌కి వెళ్లే ముందు రోజు రాత్రి ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. అందులో లేనిది జాబ్ కార్డులో (చేసే పనులు, వాటి ధరలు రాసి మనతో సంతకం పెట్టించుకునే కాగితం) కనిపిస్తే ఎందుకని అడగండి, జవాబు నచ్చకపోతే కొట్టేయించండి.

నా జాబ్ కార్డులో ఏం కొట్టేయించానో చెప్తా. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి శుభ్రం చేయడం) 1,150, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం) 1,850, ఏసీ డిసిన్ఫెక్టెంట్ 950, ఇంజిన్ డ్రెస్సింగ్ 550. ఈ డ్రెస్సింగ్ అంటే ఏందో తెలుసా, బానెట్ కింద ప్లాస్టిక్ భాగాల మీద నిగనిగలాడే ద్రావకం కొట్టడం. బానెట్ కింద నిగనిగలాడితే చూసేదెవరు? డీకార్బనైజింగ్, థ్రాటిల్ క్లీనింగ్ ఎప్పుడూ వద్దని కాదు. బండి ఆగి ఉండి ఇంజిన్ నడుస్తున్నప్పుడు వణుకుతుంటే, పికప్ తగ్గితే అప్పుడు చేయించుకోవచ్చు. బాగా నడిచే కారుకి ప్రతి సర్వీస్‌లో ఎందుకు? అడ్వైజర్లకి ఇలాంటివాటి మీద టార్గెట్లు ఉంటాయి, వాళ్ల ఉద్యోగం వాళ్లది, కాబట్టి కోపంగా మాట్లాడాల్సిన పని లేదు. "ఇవి వద్దన్నా, తీసేయండి" అంటే చాలు, మామూలుగా తీసేస్తారు.

చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కి అక్కడ 1,300 రాశారు. అదీ తీయించి, బయట టైర్ షాపులో 600కి చేయించుకున్నా, మిషన్ కూడా దాదాపు అలాంటిదే. పదివేల కిలోమీటర్లకోసారి ఇది చేయించుకోవడం మంచిదే, చేయించకపోతే టైర్లు ఒక పక్కే అరిగి ఇంకా ఎక్కువ పోతుంది. ఎక్కడ చేయిస్తామన్నదే లెక్క.

ఏసీ ఫిల్టర్ సంగతి కూడా అంతే. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది, రెండు క్లిప్పులు ఊడదీస్తే బయటికొస్తుంది. స్పేర్ పార్ట్స్ షాపులో కంపెనీ ఫిల్టరే కొనుక్కుని, ఇంటి ముందు చెట్టు నీడలో ఐదు నిమిషాల్లో వేసుకోవచ్చు. ఎయిర్ ఫిల్టర్ కూడా చాలా కార్లలో ఇంత తేలికే. కొనేటప్పుడు పెట్టె మీద ఎమ్మార్పీ చూసుకోండి.

అయితే మన ఊళ్ల విషయంలో ఒక మాట. అన్నీ వద్దు వద్దు అనుకుంటూ పోవడం కూడా తప్పే. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల దుమ్ములో రోజూ తిరిగే కారుకి ఎయిర్ ఫిల్టర్ 40,000 దాకా ఆగదు, మాన్యువల్‌లోనే దుమ్ము రోడ్లకి వేరే పట్టిక ఉంటుంది, అది చూడండి. కొత్తపట్నం, మైపాడు పక్క రొయ్యల గుంటల దగ్గరికి వెళ్లి వచ్చేవాళ్ల కార్లకి ఉప్పుగాలి తగులుతుంది, కింద తుప్పు పడుతుంది. వాళ్లు కారు కింది భాగం కడిగించడానికి, తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించడానికి డబ్బు పెడితే అది దండగ కాదు. అదే కోటింగ్ ఊళ్లో ఆఫీసుకి, ఇంటికి తిరిగే కారుకి అమ్ముతుంటే మాత్రం కొంచెం ఆలోచించాలి.

బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నారా, ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అడగండి. కొత్తవి సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటాయి, 3 దగ్గరికి వస్తే మార్చాల్సిందే. "అరిగిపోయాయి సార్" అనేది కొలత కాదు కదా. వీలైతే చక్రం ఊడదీసి చూపించమనండి.

ఆయిల్ దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. మాన్యువల్‌లో ఏ గ్రేడ్, ఎన్ని లీటర్లు అని స్పష్టంగా ఉంటుంది. 3.1 లీటర్లు పట్టే ఇంజిన్‌కి బిల్లులో 3.5 అని కనిపిస్తే నిలదీయండి. డ్రమ్ములోంచి పోసే ఆయిల్ లీటర్ల లెక్కన వేస్తారు కాబట్టి ఈ తేడా ఎవరూ గమనించరు. సింథటిక్ కావాలా మామూలుదా అన్నది కూడా పుస్తకం చెప్పినట్టే చేయండి. అవసరం లేని ఖరీదైన ఆయిల్ ఎంత దండగో, చవకని తక్కువ రకం పోయించడం అంతకంటే పెద్ద దండగ.

వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్ మానేయమని నేను చెప్పను. టైముకి సర్వీస్ చేయించినట్టు రికార్డు లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. మారుతి అయితే 2024 జులై నుంచి ఇచ్చే కార్లకి వారంటీని 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది, కాబట్టి అప్పటిదాకా షోరూమ్‌లోనే, తక్కువ బిల్లుతో. మొదటి ఫ్రీ సర్వీసులు కూడా పూర్తిగా ఫ్రీ కాదు, లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్ల డబ్బు మనదే. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కాబట్టి ధర అడిగినప్పుడు ట్యాక్స్‌తో కలిపి ఎంతో అడగండి.

వారంటీ అయిపోయాక ఆటోనగర్‌లో మీకు నమ్మకం ఉన్న మెకానిక్ ఉంటే వెళ్లొచ్చు. బయట గ్యారేజీలకి స్పేర్ పార్టులు అందకుండా చేస్తున్నారని 2014లో కాంపిటీషన్ కమిషన్ (కంపెనీల మధ్య పోటీ సరిగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్లు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయనుకోండి, అది వేరే కథ.

ఇంకొన్ని చిన్నవి. మారుతి, హ్యుందాయ్ లాంటివాటి వెబ్‌సైట్లలో మోడల్, కిలోమీటర్లు కొడితే సర్వీస్ ఖర్చు అంచనా వస్తుంది, అది చూసుకుని వెళ్లండి. ఒంగోలు, కావలి, నెల్లూరు మధ్య ఉండేవాళ్లు దగ్గర్లోని రెండు చోట్లకీ ఫోన్ చేసి రేటు అడగండి, లేబర్ చార్జీలు ఒకేలా ఉండాలని లేదు. కాకపోతే 400 తేడా కోసం 70 కిలోమీటర్లు నడిపితే మిగిలేదేమీ ఉండదు. ముందే డబ్బు కట్టే ప్యాకేజీలు, మీరు ఏడాదికి ఎంత తిరుగుతారో లెక్కేసుకున్నాకే.

మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమని జాబ్ కార్డు మీదే రాయించండి. "నాకు ఫోన్ చేయకుండా ఏదీ అదనంగా చేయకూడదు" అని కూడా. అడగకుండా చేసిన పనికి బిల్లు వేస్తే, మేనేజర్‌తో తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

బండి తీసుకునేటప్పుడు అద్దం మీద తర్వాతి సర్వీస్ స్టిక్కర్ ఒకసారి చూడండి. నాకు 35,000 అని అంటించారు. పుస్తకంలో 40,000 ఉంది. పీకేశాను.