సంక్రాంతికి రచయితకు ఏమిస్తే నిజంగా వాడతారు?

సభలకు వెళ్లే తెలుగు రచయిత ఇంట్లో శాలువాలకూ జ్ఞాపికలకూ కొదవుండదు. అందుకే పండక్కి వాళ్లకేదైనా ఇవ్వాలనిపిస్తే షోకేసులో పెట్టేది వద్దు, రాసే బల్ల మీదికి చేరేది చూడండి. కొనడానికి ముందు ఒక్క సంగతి మాత్రం తెలియాలి. ఆ మనిషి చేత్తో రాస్తారా, ఫోన్లోనా, కంప్యూటర్లోనా? ఇంట్లోవాళ్లను అడిగితే చెప్తారు. అది కనుక్కోకుండా కొంటే ఎంత ఖరీదైనదైనా అటకెక్కుతుంది.

చేత్తో రాసేవారికి ఫౌంటెన్ పెన్నును మించిన కానుక లేదు. 1932లో కె.వి. రత్నం మొదలుపెట్టిన రాజమండ్రి రత్నం పెన్నులు ఈనాటికీ పేరున్నవే. వీటిలో ఎబొనైట్‌తో చేసినవి, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో చేసినవి అడగండి. తేలిగ్గా ఉంటాయి, వేళ్లకు చల్లగా తగలవు, చెమటకు జారవు. చేత్తో చేసే పెన్ను కాబట్టి పండగ వారంలో అడిగితే దొరక్కపోవచ్చు. నెల ముందే ఆర్డరివ్వడం మేలు.

పాళీ విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు, కింద వత్తులు. పాళీ లావుగా ఉంటే సున్నాలు పూడిపోతాయి, వత్తులు ముద్దవుతాయి. దుకాణంలోనే ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ అని మామూలు సైజులో రాసి చూడండి. వత్తు లోపలి ఖాళీ కనిపించకపోతే ఇంకాస్త సన్న పాళీ అడగండి. చాలామందికి ఫైన్ సరిపోతుంది, పెద్ద అక్షరాలు రాసేవారికి మీడియం.

ఇలాంటి పెన్నుల్లో చాలావాటికి సిరా నేరుగా గొట్టంలోకే డ్రాపరుతో పోయాలి. ఒకసారి నింపితే చాలా పేజీలు వస్తాయి. అయితే సిరా మూడో వంతుకు దిగాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి, పాళీలోంచి సిరాను బొట్లుగా కాగితం మీదికి నెడుతుంది. అలా మరకలు పడ్డప్పుడు చాలామంది పెన్ను చెడిపోయిందనుకుని పక్కన పడేస్తారు. ‘సగానికి తగ్గగానే నింపుకోండి’ అని చీటీ రాసి పెట్టెలో పెట్టండి. మర దగ్గర కారకుండా పూసే సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా కూడా జోడించండి. కడగడానికి చన్నీళ్లే వాడాలి. వేణ్నీళ్లూ ఎండా తగిలితే ఎబొనైట్ నిగనిగ పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా అని రాసి ఉన్న సీసానే కొనండి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు పోస్తే అది లోపల గట్టిపడి దారి మూసుకుపోతుంది.

పెన్ను ఇస్తే కాగితమూ ఇవ్వాలి. సాదా నోట్‌బుక్కుల పల్చటి కాగితం మీద సిరా పాకి, వెనక పేజీలోకి దిగుతుంది. 90 నుంచి 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితం, తెరిచి పెడితే బల్లపరుపుగా పడుకునే కుట్టు బైండింగు చూడండి. తోలు అట్టా బంగారు అంచూ ఉన్న డైరీ వద్దు. అందులో కొట్టివేతలు చేయడానికి చెయ్యి రాదు, చిత్తుప్రతి రాసుకునేవారికి కావలసిందే కొట్టివేత. 200 పేజీల సాదా పుస్తకాలు నాలుగిస్తే ఆనందంగా వాడేస్తారు.

కంప్యూటర్లో రాసేవారికి కీబోర్డు మీద అంటించే తెలుగు స్టిక్కర్లు చవకగా దొరుకుతాయి. కాకపోతే అవి ఎక్కువగా ఇన్‌స్క్రిప్ట్ పద్ధతివి, అంటే భారతీయ భాషలకు ప్రభుత్వం ఖరారు చేసిన కీల అమరికవి. పత్రికాఫీసుల్లో అనూ అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో ఏళ్ల తరబడి టైపు చేసి, యాపిల్ లేఅవుట్ అనే వేరే కీల అమరిక అలవాటైనవారికి అవి అడ్డమే. ఫోన్లో రాసేవారికి బ్లూటూత్ కీబోర్డు కొనే ముందు వాళ్ల ఫోన్‌కే తగిలించి చూడండి. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే సదుపాయం తెర మీద పనిచేసినా, బయటి కీబోర్డుతో కొన్ని ఫోన్లలో పనిచేయదు.

నిఘంటువు ఇవ్వాలనుకుంటే మామూలుది వద్దు, ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఉచితంగానే వెతుక్కోవచ్చు. పల్లె కథలు రాసేవారికి భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం పాత ప్రతి దొరికితే వదలకండి. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలు, 1971లో వచ్చిన రెండోది చేనేత పదాలు. ఏ ప్రాంతంలో ఏ పనిముట్టును ఏమంటారో అందులో ఉంటుంది. హైదరాబాద్‌లో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, విజయవాడ పాత పుస్తకాల దుకాణాల్లోనూ ఓపిగ్గా వెతకాలి. కొనేటప్పుడు అన్ని పేజీలూ ఉన్నాయో లేదో, పురుగు తొలిచిందో లేదో చూసుకోండి.

వీటన్నిటికంటే విలువైనది, డబ్బు పెద్దగా కానిది, పాత కత్తిరింపులను కాపాడి ఇవ్వడం. పాతికేళ్ల కిందట వారపత్రికల్లో అచ్చయిన కథలు బీరువాలో పొడిపొడి అవుతుంటాయి. న్యూస్‌ప్రింట్‌లో చెక్క గుజ్జు తాలూకు లిగ్నిన్ ఉంటుంది, గాలికీ వెలుతురుకీ పసుపెక్కి పెళుసవుతుంది. ముందు రచయిత అనుమతి అడిగి, ఒకేసారి అన్నీ కాకుండా పదేసి తీసుకెళ్లండి. కాగితాన్ని అద్దం మీద పరిచే ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చేయండి. నలుపు-తెలుపులో చేస్తే వెలిసిన అక్షరాలు మాయమవుతాయి. ఫైలు పేరులో ముందు సంవత్సరం-నెల-రోజు, తర్వాత పత్రిక, తర్వాత కథ పేరు పెడితే వాటంతటవే వరసలో నిలబడతాయి. ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఇంకొకటి ఆన్‌లైన్‌లో ఉంచండి. అసలు కాగితాలకు సెల్లోటేపు వేయకండి, లామినేషన్ చేయించకండి. టేపు జిగురు మచ్చ ఇక పోదు, లామినేషన్ మళ్లీ ఊడదీయలేం. అనూ ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లను, ఈనాటి ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి ఇస్తే ఇంకా మంచిది. మార్చే సాఫ్ట్‌వేర్లు వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి కాబట్టి ఒకసారి అక్షరం అక్షరం చదివి దిద్దాలి.

ఇల్లు చూసుకుంటూ రాసే స్త్రీలకు ఖాళీ సమయమే అపురూపం. భోగి నుంచి కనుమ దాకా వంటింట్లోనే గడిచిపోతుంది. పండగ వెళ్లాక ఒక ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా వంట, పిల్లలు, వచ్చేపోయేవాళ్లు మీ పూచీ అని కార్డు మీద తేదీతో సహా రాసివ్వండి. తేదీ వేయని మాట ఉగాదికి కూడా తీరదు.

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న రచయిత ఇంట్లో అమ్ముడుపోని కట్టలుంటాయి. ఉచితంగా ఒకటి అడగడం మాని, ముఖవిలువ చెల్లించి ఐదు ప్రతులు కొనండి. ఒకటి మీరు చదివి, నచ్చిన చోటేదో ఆ పేజీ నంబరుతో ఉత్తరం రాయండి. మిగతా నాలుగూ గ్రంథాలయాలకు, మీ ఊరి కళాశాలకు ఇవ్వచ్చు. తీసుకుంటారో లేదో గ్రంథపాలకుణ్ని ముందే అడగండి, అడగకుండా వదిలేసిన పుస్తకం రిజిస్టరులోకి ఎక్కకపోవచ్చు. ఏ ప్రతి ఎక్కడ చేరిందో, ఏ నంబరు పడిందో ఒక కాగితం మీద రాసి ఆ ఉత్తరంతోపాటు రచయితకు ఇవ్వండి.